పగ, కక్ష, కసి, ప్రతీకారం – నాలుగూ ఒకటేనా?

సందేహం: ఇంట్లో అందరం కలిసి ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ చూశాం. సినిమా అయ్యాక దాని గురించి మాట్లాడుకుంటూ మాటల దగ్గర పేచీ పడ్డాం. కల్నల్ మార్టిమర్ ‘పగ తీర్చుకున్నాడు’ అని మా అన్నయ్య, ‘కక్ష సాధించాడు’ అని మా వదిన. ‘కసి తీర్చుకున్నాడు అంటే సరిపోతుంది’ అని మా అబ్బాయి. నేను సినిమా మీద రాసుకున్న నాలుగు ముక్కల్లో ‘ప్రతీకారంతో రగిలిపోయిన కల్నల్’ అన్నాను. మా పక్కింటి మాస్టారు అది చదివి ‘ప్రతికారం’ అని హ్రస్వం ఉండాలన్నారు. వీటిలో ఏది ఒప్పు? వెస్టర్న్ సినిమాను ‘పాశ్చాత్య చిత్రం’ అనవచ్చా? కల్నలా, కర్నలా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: మీ ఇంట్లో నలుగురూ మంచి తెలుగే మాట్లాడారు. కాకపోతే నలుగురూ ఒకే పని గురించి మాట్లాడుతున్నామనుకుని నాలుగు వేరువేరు తీర్పులిచ్చారు. నిఘంటువు తీస్తే ఈ మాటలు ఒకదానికొకటి అర్థంగా కనిపిస్తాయి గానీ వాడుకలో వేటి దారి వాటిదే. మీ అదృష్టం కొద్దీ మీరు చూసిన సినిమాలో ఈ దారులన్నీ ఉన్నాయి. సెర్జియో లియోనె 1965లో తీసిన సినిమా, వచ్చి అరవై ఏళ్లయింది. కథ ముగింపు చెప్పేశానని ఎవరూ నామీద అలగరనే ధైర్యంతో రాస్తున్నాను.

ముందు పగ. ఇది అచ్చ తెలుగు మాట. తమిళంలో పగై, కన్నడంలో హగె దీని తోబుట్టువులు. కావ్యాల్లో శత్రువును పగతుడు అన్నారు, మనం ఇప్పటికీ పగవాడు అంటున్నాం. పగ మనసులో ఉండే వస్తువు, అదీ చాలాకాలం ఉండే వస్తువు. పగ కలిగిందంటే పాము ఉన్న ఇంట్లో కాపురమున్నట్లే అన్నాడు తిక్కన ఉద్యోగపర్వంలో. ‘పాము పగ, తోక చుట్టరికం’ అని సామెత కూడా ఉంది. పగ పడతాం, పగ పెంచుకుంటాం, పగ చల్లారుతుంది, పగ తీరుతుంది. ఈ క్రియలన్నిటిలోనూ కాలం దాగి ఉంది. ఇవాళ పొద్దున తగవు పడి సాయంత్రానికి చెయ్యి చేసుకున్నవాడు పగ తీర్చుకున్నాడని ఎవరూ అనరు. ఆ పగకు నిలవ చాలదు.

మార్టిమర్‌ది పగే. బందిపోటు ముఠా నాయకుడు ఇండియో చెరచగా తనను తాను కాల్చుకుని చనిపోయిన చెల్లెలి బొమ్మ ఉన్న పాటల గడియారం అతని కోటు జేబులో ఉంటుంది. దాని జత గడియారం ఇండియో దగ్గర ఉంటుంది. సినిమా చివరిదాకా మనిషి గొంతు పెంచడు. అతనెందుకు వెంటపడుతున్నాడో మనకు ఆఖరి నిమిషాల దాకా చెప్పరు. ‘అంత ఆలస్యంగా చెబితే జాలి ఎలా కలుగుతుంది’ అని కొందరు ప్రేక్షకులు అంటారు. నాకు మాత్రం ఆ గోప్యమే సినిమాకు బలం అనిపిస్తుంది. చెప్పుకుని తిరిగితే అది పగ కాదు, పంతం.

ఇక ‘తీర్చుకొను’ అనే క్రియ. ఆకలి తీర్చుకుంటాం, దాహం తీర్చుకుంటాం, ముచ్చట తీర్చుకుంటాం. ‘కొను’ చేరిందంటే ఆ పని ఎవరికి వారే చేసుకోవాలని. చివరి ఘట్టం ఒకసారి గుర్తు చేసుకోండి. మార్టిమర్ తుపాకీ చేజారి నేల మీద పడి ఉంటుంది. ఇండియో గడియారం మూత తెరుస్తాడు. పాట ఆగగానే కాల్పు అని లెక్క. పాట సన్నగిల్లి ఆగబోతుండగా అదే పాట ఇంకోవైపు నుంచి మొదలవుతుంది. రెండో గడియారం చేత్తో పట్టుకుని, రైఫిల్ ఇండియో మీద గురిపెట్టి, బహుమతి డబ్బు కోసం నేరస్తుల్ని వేటాడే మాంకో (క్లింట్ ఈస్ట్‌వుడ్) వస్తాడు. ఇండియోను కాల్చేయడం అతనికి క్షణం పని. కాల్చడు. తన నడుము పట్టీ, పిస్తోలు తీసి మార్టిమర్‌కిచ్చి పక్కన కూర్చుంటాడు. మాంకో కాల్చి ఉంటే ఇండియో చచ్చేవాడే గానీ మార్టిమర్ పగ తీర్చుకున్నవాడయ్యేవాడు కాదు. మీ అన్నయ్య మాటకు ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

మీ వదినగారి ‘కక్ష’ దగ్గరికి వద్దాం. ముందుగా ఒక చిన్న హెచ్చరిక. ఉపగ్రహం తిరిగేది కక్ష్యలో, మనుషులు కట్టేది కక్ష. ‘కక్ష్య సాధింపు’ అని పత్రికల్లో కూడా అప్పుడప్పుడూ కనిపిస్తోంది, తప్పు. ఈ మాటకు ఒక విచిత్ర లక్షణం ఉంది. దాన్ని మనకు మనం అంటగట్టుకోం. ‘నా పగ చల్లారింది’ అని చెప్పుకునేవాళ్లున్నారు, కానీ ‘నేను ఫలానావాడి మీద కక్ష కట్టాను’ అని బుద్ధిపూర్వకంగా చెప్పుకునే తెలుగువాడిని చూపించండి. కక్ష ఎప్పుడూ ఎదుటివాడిదే. ప్రతిపక్షానికి పాలకపక్షానిది కక్ష సాధింపు, రేపు కుర్చీలు మారితే మాటా మారుతుంది. సాధించడంలోనూ మెలిక ఉంది. పరీక్షలో ర్యాంకు సాధించడం ఒకటి, అత్తగారు కోడలిని సాధించడం ఇంకొకటి. కక్ష సాధింపులో ఉన్నది ఈ రెండో సాధింపు, అంటే రోజూ నలిపి నలిపి వేధించడం. పైగా కక్షకు హద్దు ఉండదు. తప్పు చేసినవాడితో ఆగక వాడి ఇంటిమీదికీ పొలంమీదికీ పోతుంది. పల్లెల్లో ‘వాళ్లకూ వీళ్లకూ పాతకక్షలున్నాయి’ అన్నప్పుడు ఆ ‘వాళ్లు’ బహువచనం ఊరికే రాలేదు.

ఈ లెక్కన సినిమాలో కక్ష ఇండియోది. జైలు నుంచి బయటపడగానే అతను చేసే పనుల్లో మొదటిది గుర్తుందా? తనను పట్టించిన పాత మనిషిని పాడుబడ్డ చర్చిలోకి రప్పిస్తాడు. చంటిబిడ్డకు ఎన్ని నెలలని అడుగుతాడు. పద్దెనిమిది అని జవాబు. తాను జైల్లో ఉన్నదీ సరిగ్గా అంతకాలమే. ఆ లెక్క సరిపోగానే భార్యనూ బిడ్డనూ బయటికి పంపి చంపిస్తాడు, ఆ తర్వాతే ఆ మనిషితో పిస్తోళ్ల పోటీ. ద్రోహం చేసింది ఒకడు, చచ్చింది ముగ్గురు. తెలుగులో దీన్ని పగ అంటే పగకు అవమానం. మీ వదినగారు ఈ మాటను మార్టిమర్‌కు వాడారంటే అతను చేసింది ఆమెకు నచ్చలేదన్నమాట. అది అభిప్రాయం, దాన్ని నేను దిద్దను. కానీ అతను ఇండియో మనుషుల్ని చంపింది ఇండియో దాకా వెళ్లడానికేనని, ఎవరి ఇంటివాళ్ల జోలికీ పోలేదని ఆమెకు ఒకసారి గుర్తు చేసి చూడండి.

కసి వేరే జాతి. దీనికి పగకున్నంత వయసుండదు, కక్షకున్నంత పథకం ఉండదు. అవమానం తగిలిన చోట పుట్టి, చెయ్యి ఆడించేదాకా ఊరుకోదు. కసితీరా కొట్టాడంటాం, కసిగా కొరికాడంటాం. ఈమధ్య దీనికి మంచి రోజులొచ్చాయి. కసిగా చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లనూ, కసిగా ఆడి మ్యాచ్ గెలిపించినవాళ్లనూ మెచ్చుకుంటున్నాం. కక్షగా చదివినవాడు మాత్రం ఎక్కడా లేడు. ఎల్ పాసో ఊరి సారాకొట్టులో ఇండియో ముఠాలోని గూనివాడు వైల్డ్ (క్లాస్ కిన్‌స్కీ) దృశ్యం చూశారు కదా. మార్టిమర్ అగ్గిపుల్లను అతని వీపు మీద గీస్తాడు, అతను ఊదేస్తే నోట్లోని చుట్ట లాక్కుని దానితో తన పైపు ముట్టించుకుంటాడు. బ్యాంకు దోపిడీ ముందుండగా గొడవ వద్దని తోటి దొంగలు వైల్డ్‌ను ఆపుతారు. ఆ ముఖంలో కదిలే కండరాలు చూడండి, కసి అంటే అదీ. తర్వాత ఆగ్వా కాలియెంతే అనే ఊళ్లో మార్టిమర్ భోజనానికి కూర్చున్నప్పుడు మీదికి రావడమూ, ప్రాణం పోగొట్టుకోవడమూ ఆ కసి వల్లే. కాబట్టి మీ అబ్బాయి మాట సరైనదే, అతికించిన మనిషే తప్పు. అయితే పిల్లవాడి తరం నోట్లో కసి ఇప్పుడు పట్టుదలకు దగ్గరగా ఉంది. అతను మెచ్చుకోలుగానే అని ఉంటాడు, మందలించకండి.

మాంకో సంగతి ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. అతనికి ఈ నాలుగింటిలో ఏదీ లేదు. ఇండియో తల మీద పదివేల డాలర్ల బహుమతి ఉంది, అంతే. చివర శవాలను బండిలోకి ఎత్తుతూ ఒక్కొక్కటీ ఎంత చేస్తుందో పైకే కూడుకుంటాడు. మొత్తం తక్కువ వస్తుంది. వెనుక ఒకడు బతికే ఉన్నాడని దాంతో తెలిసి, తిరిగి కాలుస్తాడు. ఏమైందని కల్నల్ అడిగితే కూడికలో తేడా వచ్చిందనుకున్నానని జవాబు. దాన్ని వ్యాపారం అంటారు. కల్నల్ తన వాటా డబ్బు ముట్టుకోకుండా గుర్రమెక్కి వెళ్లిపోతాడు. ఇద్దరూ కలిసి పగ తీర్చుకున్నారని రాసిన సమీక్షలు నా కంటపడ్డాయి. ఆ రాసినవాళ్లు ఆ చివరి అయిదు నిమిషాలూ చూడలేదనుకోవాలి.

ఇప్పుడు మీ మాట, ప్రతీకారం. దీర్ఘం విషయంలో మీరు భయపడనక్కర్లేదు. సంస్కృతంలో ప్రతికారం, ప్రతీకారం రెండూ ఒప్పైన రూపాలే. ఇలాంటి చోట ఉపసర్గ (మాట ముందు చేరే ప్రతి, పరి లాంటి ముక్క) చివరి అచ్చు దీర్ఘం కావచ్చునని పాణిని సూత్రమే ఉంది. ప్రతిహారి–ప్రతీహారి, పరిహాసం–పరీహాసం ఇలాంటివే. తెలుగు వాడుకలో దీర్ఘమే స్థిరపడింది. మాస్టారి హ్రస్వం తప్పు కాదు, దాన్నే వాడాలనడం మాత్రం పొసగదు.

తేడా అంతా అర్థంలో ఉంది. ప్రతి అంటే ఎదురు, కారం అంటే చేయడం. ఎదురుగా చేసే పని కనుకనే సంస్కృతంలో రోగానికి చేసే చికిత్సను కూడా ప్రతీకారమే అన్నారు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు ‘వైరశుద్ధిః ప్రతీకారో వైరనిర్యాతనం చ సా’ అని మూడు పేర్లు చెప్పాడు. అందులో నిర్యాతనానికి, దాచుకోమని ఇచ్చినదాన్ని తిరిగి అప్పజెప్పడం అనే అర్థం కూడా ఉంది. ఏ పేరు తీసుకున్నా అది క్రియే. పగ మనసులో ఉంటుంది, ప్రతీకారం చేతిలో ఉంటుంది. అందుకే పత్రికలు ‘ప్రతీకార సుంకాలు’ అని రాస్తే అది మనకు ఎబ్బెట్టుగా ఉండదు. ‘పగ సుంకాలు’ అంటే నవ్వొస్తుంది, ఎందుకంటే దేశాలు సుంకాలు వేసుకుంటాయి తప్ప సుంకాలు మనసులో పెట్టుకోవు. అలాగే ‘ప్రతీకారంతో రగిలిపోయాడు’ అనడం కూడా పొసగదు. ఇంకా చేయని పనితో ఎవరూ రగలరు. పగతో రగులుతారు. సంస్కృతం మీద మక్కువ ఉంటే ప్రతీకారేచ్ఛతో రగులుతారు. మీ వాక్యాన్ని ‘ఏళ్ల తరబడి పగతో రగిలిన కల్నల్ చివరికి ప్రతీకారం తీర్చుకున్నాడు’ అని మార్చండి. రగిలిన అన్న మాట మాత్రం నాకు ఇంకా అనుమానమే. ఆ ముఖంలో రగులుడు ఎక్కడా కనబడదు. ‘పగను గుండెల్లో దాచుకున్న’ అంటే మనిషికి సరిపోతుంది.

‘పాశ్చాత్య చిత్రం’ వద్దు. పాశ్చాత్యం అనగానే మనకు ఐరోపా, అమెరికాలు కలిపి తోస్తాయి. అప్పుడు లండన్ డ్రాయింగ్ రూములో నడిచే ప్రేమకథ కూడా పాశ్చాత్య చిత్రమే అవుతుంది. వెస్టర్న్‌లో ఉన్న పడమర అమెరికాకు పడమర, అంటే పందొమ్మిదో శతాబ్దంలో వలసలు సాగిన బీడునేలలు. మీరు చూసినదాన్ని తీసింది ఇటలీ దర్శకుడు, ఆ బీడునేలగా కనిపించేది స్పెయిన్‌లోని అల్మేరియా. దాన్ని పాశ్చాత్యం అని అనువదిస్తే ఏ దేశానికి ఏది పడమరో తేలక తల తిరుగుతుంది. వెస్టర్న్ అనే రాయండి. లేదా కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) నాటి నుంచి తెలుగువాళ్ల నోట్లో నానిన ‘కౌబాయ్ సినిమా’ ఉండనే ఉంది. ఇందులో ఆవులు కాచేవాడు ఒక్కడూ లేడు కదా అని మాస్టారు అభ్యంతరం చెబితే, టోపీ, గుర్రం, తుపాకీ ఉంటే తెలుగులో కౌబాయేనని చెప్పండి. వాడుకది అంత ఉదారమైన మనసు.

కల్నల్ అనే రాయండి. ఇంగ్లీషువాళ్లు ‘ల’ రాసి ‘ర’ పలుకుతారు. ఇటలీ వాళ్ల కొలొన్నెల్లోలో లకారం, స్పెయిన్ వాళ్ల కొరొనెల్‌లో రేఫ, అంటే ‘ర’. రెండు రూపాలూ ఇంగ్లీషులోకి చేరి, ఒకటి రాతలో, ఒకటి నోట్లో స్థిరపడ్డాయి. తెలుగు పత్రికలు ఎప్పుడో రాతనే ఎంచుకున్నాయి.