కూరగాయలకు సర్ఫు నీళ్లు వద్దు.. బజారులో మాస్కు దించొద్దు

ప్రశ్న (2021 మే, కోవిడ్ కర్ఫ్యూ రోజుల్లో వచ్చింది): డాక్టర్ గారూ, మాది కర్నూలు, కల్లూరు వైపు. నా వయసు 34. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, ఇద్దరు పిల్లలు ఉంటాం. అత్తమ్మకు 66 ఏళ్లు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. కోవిడ్ కర్ఫ్యూ పెట్టినప్పటి నుంచి మా ఆయన రోజూ పొద్దున్నే సి.క్యాంపు రైతు బజారుకు పోయి సరుకులు తెస్తున్నారు. తెచ్చినవన్నీ వరండాలోనే పెట్టించి, కూరగాయలను సర్ఫు నీళ్లలో నానబెడుతున్నా. పాల ప్యాకెట్లకు శానిటైజర్ కొడుతున్నా. నోట్లు ఇస్త్రీ చేస్తున్నా. మొన్న వరండా గచ్చు కడగడానికి బ్లీచింగ్ పౌడరులో బాత్రూం యాసిడ్ కలిపితే ఘాటుకు కళ్లు మండిపోయాయి, అత్తమ్మకు చాలాసేపు దగ్గు ఆగలేదు. నా చేతులు పగిలి రక్తం వస్తోంది. రేషన్ బండి దగ్గర వేలిముద్ర కూడా పడలేదు. మామిడిపండ్లు తెస్తే మూడు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదని ఇంట్లో గొడవైంది. ఇంత చేస్తున్నా భయం పోవడం లేదు. ఇంకా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? అత్తమ్మకు ఏప్రిల్ మొదట్లో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించాం. రెండో డోసుకు ఇప్పుడే తీసుకుపోవాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఇంకా ఏం చేయాలని అడుగుతున్నారు గానీ తల్లీ, చేస్తున్నవాటిలో సగం మానేయాలి. అన్నిటికంటే ముందు మానాల్సింది ఆ యాసిడ్ పని.

బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో శత్రు సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. మీరు కలిపింది వరండాలో, నాలుగు వైపుల నుంచి గాలి ఆడే చోట కాబట్టి కళ్ల మంటతో, దగ్గుతో పోయింది. తలుపు మూసిన బాత్రూంలో ఇదే పని చేసి ఊపిరాడక ఆస్పత్రికి వచ్చేవాళ్లు ఉన్నారు. పొరపాటున ఇంకెప్పుడైనా అలా జరిగితే బకెట్‌ను అక్కడే వదిలేసి అందరూ బయటి గాలిలోకి వచ్చేయండి. కళ్లను పదిహేను నిమిషాల పాటు మంచినీళ్లతో కడగండి. క్లోరిన్ ప్రభావం కొన్నిసార్లు గంటల తర్వాత బయటపడుతుంది. ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, ఆగని దగ్గు కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అత్తమ్మకు ఆ రోజు దగ్గు ఆగిపోయి, ఇప్పుడు మామూలుగా ఊపిరి ఆడుతుంటే భయం లేదు.

ఇంట్లో ఎవరికీ కోవిడ్ లేనప్పుడు గచ్చుకు మామూలు ఫినాయిల్, లేదంటే సబ్బు నీళ్లు చాలు. బ్లీచింగ్ వాడాలనే ఉంటే ఒక్క నీళ్లలోనే కలపండి, అవీ చన్నీళ్లు. ఘాటు ఎక్కువుంటేనే పురుగు చచ్చినట్టు అనే నమ్మకం మన ఇళ్లలో బాగా ఉంది. ఆ ఘాటుకు ముందు దెబ్బ తగిలేది మన ఊపిరితిత్తులకు.

ఇక కూరగాయల సంగతి. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 2020 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. ఈ వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా, అట్ట మీద 24 గంటల దాకా కనిపించిందన్నది దాని సారాంశం. వాట్సాప్‌లో తిరిగీ తిరిగీ అదే 'ఏ వస్తువు మీదైనా మూడు రోజులు బతుకుతుంది' అయింది. మీ మామిడిపండ్లకు పడిన మూడు రోజుల శిక్ష బహుశా అక్కడి నుంచి వచ్చిందే. ఆ ప్రయోగంలో వైరస్‌ను కావాలని ఎక్కువ మోతాదులో వేశారు. గది ఉష్ణోగ్రత 21–23 డిగ్రీలు. మే నెలలో కర్నూలులో అంత చల్లటి చోటు ఏసీ షాపులో తప్ప దొరకదు. పైగా అంత చల్లగా ఉన్నా గంటలు గడిచేకొద్దీ వైరస్ వేగంగా తగ్గిపోయింది, చివరికి మిగిలింది చాలా కొంచెం. ఎండకు, వేడికి ఇంకా త్వరగా పోతుంది.

ఏడాది గడిచాక, 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ తన అంచనా చెప్పింది. వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువేనట. అసలు అవకాశమే లేదని కాదు. ఆ కొంచెం కూడా మిగలకుండా చేయడానికి ఒక పని చాలు: సంచీ దించాక, సరుకులు సర్దాక సబ్బుతో చేతులు కడుక్కోవడం. నోట్లు ముట్టుకున్నా అంతే. ఇస్త్రీ చేస్తే కాలేది నోటే. పాల ప్యాకెట్‌ను కుళాయి కింద ఒకసారి కడిగి ఫ్రిజ్‌లో పెట్టండి. శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాల్, మంట దగ్గర అంటుకుంటుంది. వంటింట్లో, వెలిగించిన స్టవ్వు పక్కన దాన్ని స్ప్రే చేయడం కోవిడ్ కంటే ప్రమాదం.

సర్ఫు బట్టలకు చేసింది. బెండకాయ నూగులో, కాకరకాయ గరుకుల్లో, గోంగూర మడతల్లో ఆ నురగ ఎంత కడిగినా పూర్తిగా పోదు. అది కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు, పిల్లలకైతే మరీను. పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి, ఆకుకూరను మట్టి దిగడం ఆగేదాకా రెండు మూడు నీళ్లు మార్చండి. మట్టి, పురుగుమందు, మామూలు క్రిములు పోవడానికి ఎప్పుడూ చేసేదే ఇది. తర్వాత పప్పులో వేసి ఉడికించాక ఏ వైరసూ మిగలదు. ఈ వైరస్ పెరగడానికి బతికున్న కణం కావాలి, వంకాయ మీద కూర్చుని సంతానాన్ని పెంచుకోలేదు. బంగినపల్లి పండ్లను మన పెద్దవాళ్లు చేసినట్టే నీళ్లలో కాసేపు వేసి, తుడిచి, తినండి. పక్కన బనగానపల్లె పెట్టుకుని సీజన్‌లో పండుకు మూడు రోజుల క్వారంటైన్ పెడితే ఇంట్లో గొడవ కాక ఏమవుతుంది!

మరి భయపడాల్సింది దేనికి? మీరు ఉత్తరంలో ఒక ముక్కలో చెప్పేసి దాటిపోయిన మాట ఒకటుంది: మీ ఆయన రోజూ బజారుకు వెళ్తున్నారు. అసలు జాగ్రత్త అక్కడ కావాలి.

కోవిడ్ ప్రధానంగా వచ్చేది ఊపిరి నుంచి. పక్కవాడు బీడీ తాగితే పొగ మనదాకా ఎలా వస్తుందో, జబ్బున్న మనిషి మాట్లాడినా, దగ్గినా, గట్టిగా అరిచినా సన్నటి తుంపర అలాగే గాలిలో వస్తుంది. తేడా ఏమంటే ఇది కంటికి కనపడదు, వాసన రాదు. ఆ మనిషికి ఇంకా జ్వరం కూడా మొదలై ఉండకపోవచ్చు. మనం కాయగూరను సబ్బుతో తోముతాం గానీ కాయగూర అమ్మేవాళ్ల ముఖానికి మూరెడు దూరంలో నిలబడి మాట్లాడతాం.

రైతు బజారులో ఒక్క పది నిమిషాలు చూస్తే తెలుస్తుంది. మాస్కు లేనివాళ్లు పెద్దగా కనపడరు, పోలీసుల భయానికి అందరూ పెట్టుకునే వస్తారు. కొనడానికి వచ్చినాయన టమాట కుప్ప దగ్గర వంగి 'కిలో ఎంతమ్మా?' అంటాడు. మాస్కులోంచి మాట వినపడదు. ఆమె 'ఆఁ?' అంటుంది. ఈయన మాస్కు గడ్డం కిందికి లాగి మళ్లీ అడుగుతాడు. ఆమె కూడా కొంగు దించి ధర చెబుతుంది. తూకం వేసేదాకా ఇద్దరి మాస్కులూ కిందే. ఈ లోపు వెనక నుంచి ఇంకొకరు భుజం మీదుగా చెయ్యి చాచి పచ్చిమిరపకాయలు ఏరుతుంటారు. ఇంటికి తెచ్చుకుంటే టమాటల మీద వచ్చేది కాదు జబ్బు, ఆ బేరంలో వచ్చేది. రెండు రూపాయలు ఎక్కువైనా ఫర్వాలేదు, వినపడకపోతే వేళ్లు చూపించి అడగమనండి.

రాష్ట్రంలో 2021 మే 5 నుంచి, ఈ కర్ఫ్యూ రోజుల్లో, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకానే దుకాణాలు తెరుస్తున్నారు. దీంతో రోజంతా అక్కడొకరు ఇక్కడొకరుగా వచ్చే జనం ఆరు గంటల్లోకి వచ్చి పడుతున్నారు. షట్టర్ లేవగానే ఒక గుంపు, పదకొండు దాటాక మూసేస్తారన్న తొందరలో ఇంకో గుంపు. మీకు వీలున్న రోజున మధ్యలో, జనం పలచబడ్డాక వెళ్లమనండి. రోజూ వెళ్లడం ఎందుకు? ఎర్రగడ్డలు, ఆలుగడ్డలు, గుమ్మడి, సొర, పప్పులు, వేరుశెనగ బుడ్డలు వారం నిలుస్తాయి. ఆకుకూర, టమాట మొదటి మూడు రోజుల్లో వాడుకుని, గట్టి కాయలు తర్వాతికి ఉంచుకోండి. వారానికి ఒకట్రెండు సార్లతో సరిపోతుంది. వీధిలోకి తోపుడు బండి వస్తే అదింకా మేలు, ఆరుబయట, ఒక్క మనిషితో బేరం. కిరాణా కొట్టు ఇరుకుగా, ఫ్యాన్ లేకుండా, లోపల అయిదారుగురు నిలబడి ఉంటే చీటీ ఇచ్చి బయట ఉండటం మంచిది. లోపల గాలి ఆడని చోట తుంపర చాలాసేపు నిలిచి ఉంటుంది.

మాస్కు విషయంలో ఒక మాట. లోపల సర్జికల్ మాస్కు, పైన బిగుతుగా బట్ట మాస్కు వేసుకుంటే సందులు మూసుకుంటాయి. ఎన్-95 అయితే ఒక్కటే చాలు, దాని మీద ఇంకోటి వేయొద్దు. మన ఎండకు గంటలోనే చెమటతో తడిసిపోతుంది. తడిసిన మాస్కులోంచి గాలి సరిగా ఆడక పక్కల నుంచి లాగుతుంది. జేబులో కవర్లో ఇంకోటి ఉంచుకోమనండి.

ఇంట్లో కూడా ఒకటి గమనించండి. ఈ ఎండలకు అందరూ ఒకే గదిలో కూలర్ ముందు పడుకోవడం మామూలే. కూలర్ కిటికీలో ఉండి బయటి గాలి లాగుతూ, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉంటే మంచిదే. గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే అందరి ఊపిరీ అందరి మీదికి తిప్పి కొడుతుంది. బయట తిరిగే మనిషికి గొంతు నొప్పి, ఒళ్లునొప్పులు, జ్వరం లాంటిది ఏమాత్రం అనిపించినా ఆ రాత్రి నుంచే అత్తమ్మను వేరే గదిలో పడుకోబెట్టండి. 2021 మేలో పరీక్ష, బెడ్ల సమాచారానికి 104 నంబరు.

ఇప్పుడు మీ చేతులు. ఇది అలర్జీ కాదు. సర్ఫు, బ్లీచింగ్, శానిటైజర్ కలిసి చర్మం మీది సహజమైన నూనె పొరను తీసేశాయి. వేలిముద్ర పడకపోవడానికి కారణం అదే, వేలికొసల గీతలు అరిగిపోయి, పొరలు లేచిపోయి ఉంటాయి. చర్మం మానాక గీతలు మళ్లీ వస్తాయి. అప్పటిదాకా కార్డులో పేరున్న మీ ఆయన చేతో, అత్తమ్మ చేతో వేయించండి. ఆ వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టినవాళ్లు ఇంటికి రాగానే చేతులు కడుక్కుంటే చాలు.

వారం పాటు గిన్నెలు, బట్టల పని ఇంకెవరైనా చూసుకుంటే త్వరగా మానుతుంది (మీ ఆయన ఈ కాలమ్ చదువుతారనే ఆశతో రాస్తున్నా). కుదరకపోతే రబ్బరు తొడుగులు వేసుకోండి. చేతులకు మామూలు స్నానపు సబ్బు, చన్నీళ్లు, 20 సెకన్లు. గట్టిగా తుడవకుండా అద్దుకోండి. తడి ఆరీ ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. రాత్రి కాస్త మందంగా రాసుకుని పాత నూలు సాక్సులు తొడుక్కుని పడుకోండి. పగుళ్ల మీద శానిటైజర్ వద్దు. పసుపు, సున్నం లాంటివి కూడా వద్దు. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అసలే వద్దు.

స్టెరాయిడ్ అంటే గుర్తొచ్చింది. షుగరు ఉన్న మనిషి ఇంట్లో ఉన్నప్పుడు, కోవిడ్ రాకముందే జాగ్రత్తకని డెక్సామెథాసోన్ లాంటి మాత్రలు కొని మింగడం మహా ప్రమాదం. షుగరు అమాంతం పెరుగుతుంది. ఈ 2021 మేలో అందరూ భయపడుతున్న బ్లాక్ ఫంగస్ జబ్బు ఎక్కువగా కనిపిస్తున్నది షుగరు అదుపు తప్పిన వాళ్లలో, స్టెరాయిడ్ ఎక్కువ వాడిన వాళ్లలో. అత్తమ్మ షుగరు, బీపీ మాత్రలు ఒక్క పూట కూడా ఆగకూడదు. నెలకు సరిపడా తెచ్చి పెట్టుకోండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే వారానికి రెండుసార్లు పరగడుపున, తిన్నాక రెండు గంటలకు చూసి రాసుకోండి. నడక ఆగిపోయి ఉంటుంది, సాయంత్రం మిద్దె మీద అరగంట నడిపించండి. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె, కూర. మామిడిపండు పూర్తిగా మాన్పించొద్దు, రెండు చిన్న ముక్కలు భోజనంతో కాకుండా మధ్యలో ఇవ్వండి. ఆ రోజు అన్నం తగ్గించండి.

రెండో డోసుకు ఇప్పుడే తీసుకుపోకండి. 2021 మే 13న కేంద్రం కోవిషీల్డ్ డోసుల మధ్య ఎడాన్ని 12–16 వారాలకు పెంచింది. ఏప్రిల్ మొదట్లో వేయించారు కాబట్టి జూన్ ఆఖరు దాకా ఆమెకు వంతు రాదు. ఈలోగా టీకా కేంద్రం దగ్గర ఎండలో, గుంపులో నిలబెడితే టీకా దొరకదు గానీ జబ్బు దొరకొచ్చు. కోవాగ్జిన్ అనే ఇంకో టీకా అయితే 2021 మేలో లెక్క వేరు, నాలుగు నుంచి ఆరు వారాలే. అందుకని మొదటి డోసు చీటీ తీసి ఏ టీకానో ఒకసారి సరిచూసుకోండి.

చేతుల పగుళ్లు పది రోజులైనా తగ్గకపోతే, లేదా ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కనిపించినా ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టరుకు వీడియోలో చూపించండి. దానికోసం పెద్దాసుపత్రి ఓపీ దాకా రానక్కర్లేదు.