చిన్న కట్టెల పొయ్యి పొగ లేకుండా బాగా మండాలంటే?

చెన్నైలో మేడ మీద చిన్న ఇనుప పొయ్యి పెట్టుకుంటే పొగ కమ్మేస్తోంది, నీళ్లు ఎంతకీ కాగడం లేదు అంటే ముందు కట్టెలనే అనుమానించండి. అక్కడ దొరికే సరుగుడు గట్టి వేడినిస్తుంది. కానీ పచ్చిగా ఉంటే ఆ వేడిలో చాలా భాగం తడిని ఆవిరి చేయడానికే పోతుంది. తేమ 20 శాతం లోపు ఉండాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి తట్టి చూడండి: ఆరినవి ఖంగుమంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఆరిన కట్టె కూడా చెమ్మ పీలుస్తుంది. ఆ నెలలకు సరిపడా ముందే రేకు కింద, ఇటుకల మీద పేర్చుకోవాలి.

బొటనవేలంత లావున చీల్చి మూడు నాలుగే పెట్టండి. పొయ్యి నోరు నిండా కుక్కితే గాలి ఆడక పొగొస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. కట్టెలు నేలకు ఆనకుండా కింద చువ్వలుండాలి, బూడిద రోజూ తీయాలి. కొసలే మండనిచ్చి, కాలేకొద్దీ లోపలికి తోయండి.

గిన్నె అడుగుకీ పొయ్యి అంచుకీ మధ్య ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల సందు చాలు. ఎక్కువైతే వేడి పక్కకి పోతుంది, తక్కువైతే మంట ఊపిరాడక మసి కక్కుతుంది. సాయంత్రం సముద్రపు గాలికి ఒక పక్క ఇటుకలు అడ్డం పెట్టండి. గిన్నె మీద మూత మరవొద్దు. వానొచ్చిందని మాత్రం పొయ్యిని గదిలోకి తేకండి, కట్టెలు మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణాలు తీస్తుంది.