ఇంజన్ ఆగిందంటే ముందు ఫిల్టర్ విప్పు

చిరంజీవి అల్లుడికి మీ మామ ఆశీర్వదించి రాసేది. అనంతపురంలో మేమంతా క్షేమం.

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిందే ఇంకా బుర్రలో తిరుగుతోంది. నేల మీద చక్కగా తిరిగిన 7.5 సీసీ ఇంజన్, నీ మోడల్ విమానం పైకెక్కుతుంటే కీచుమని గొంతు పెంచి టక్కున ఆగిపోయిందన్నావు. దానికి నువ్వు చేసిన వైద్యం ఏంది? నీడిల్, అదే ఇంజన్‌కు ఎంత ఇంధనం పోవాలో సరిచేసే మర, ఇంకో అర చుట్టు తెరవడం. మరుసటి ఆదివారం మళ్లీ అదే తంతు, మళ్లీ అర చుట్టు. పోయిన నెల రెండు చుట్లకు సరిపోయింది ఇప్పుడు మూడు చుట్లు అడుగుతోందంటే తప్పు నీడిల్‌ది కాదు నాయనా, దాని దాకా ఇంధనం వచ్చే దారిది. ఫిల్టర్ ఎప్పుడు విప్పావని అడిగితే నువ్వు కాసేపు మాట్లాడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మనది మిథనాల్ అనే స్పిరిట్‌తో నడిచే గ్లో ఇంజన్, దానికి వేరే ఆయిల్ ట్యాంకు లేదు. మిథనాల్‌లో కలిపిన ఆముదమే దాని ఆయిల్. ఇంధనం తగ్గితే బలం ఒక్కటే కాదు, జిడ్డు కూడా తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి గీతలు పడతాయి. ఫిల్టర్‌లో చిక్కిన ఇసుక పలుకు విలువ ఒక్కోసారి పిస్టన్, అది కదిలే గొట్టం (స్లీవ్) రెండూ మార్చే ఖర్చంత.

అసలు మట్టి ఎక్కడి నుంచి వస్తుందో చూడు. అందరూ ట్యాంకుకూ కార్బురేటర్‌కూ మధ్య ఒక ఫిల్టర్ పెట్టి చేతులు దులుపుకుంటారు. మురికి ఎక్కువగా వచ్చేది క్యాన్‌లోంచి. మన సీమ గాలి నీకు తెలియంది కాదు. ఆషాఢంలో మైదానంలో క్యాన్ మూత తీసి పది నిమిషాలు పెడితే చాలు, ఎర్రమట్టి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. మా తాడిపత్రి వైపు అయితే బండలు పాలిష్ చేసే యూనిట్ల పొడి కూడా కలుస్తుంది. మీ కర్నూలులో నల్లరేగడి దుమ్ము. కాబట్టి మొదటి ఫిల్టర్ క్యాన్ నుంచి ట్యాంకు నింపే పంపుకు వెళ్లే ట్యూబుకు పెట్టు. నన్నడిగితే ఉన్నది ఒక్క ఫిల్టరే అయితే అక్కడే పెడతాను. విమానంలో ఉండేది చివరి కాపలా, అంతే.

ఇంకో పొరపాటు నువ్వు చేస్తున్నావని నా అనుమానం. కార్బురేటర్ దగ్గర ట్యూబు ఊడదీసి, అదే ట్యూబులోంచి ట్యాంకు నింపుతున్నావా? అప్పుడు ఇంధనం విమానంలోని ఫిల్టర్‌లో ఎదురు దిశలో పోతుంది. క్యాన్‌లోని చెత్త జాలీకి కార్బురేటర్ వైపున ఆగుతుంది. ఇంజన్ లాగడం మొదలుపెట్టగానే ఆ చెత్తంతా నేరుగా కార్బురేటర్‌లోకే. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టు. నింపడానికి ట్యాంకుకు మూడో ట్యూబు పెట్టుకో, లేదంటే ఫిల్టర్‌కూ ట్యాంకుకూ మధ్య ఊడదీసి నింపు.

ఇక కొనడం సంగతి. బైకు మెకానిక్ దగ్గర దొరికే ప్లాస్టిక్ పెట్రోల్ ఫిల్టర్ చవకని దాన్ని పెట్టకు. మన ఇంజన్‌కు అది పెద్దది, లోపల గాలి నిలుస్తుంది, కాగితం మడతల్ని కడగలేవు. ఇత్తడిదో అల్యూమినియందో రెండు ముక్కలుగా మరతో విప్పేది, మధ్యలో సన్న లోహపు జాలీ ఉన్నది తీసుకో. రెండు కొసల్లో ట్యూబు ఎక్కే ముక్కులు నున్నగా ఉండాలి. కొనేటప్పుడు గోరుతో తడిమి చూడు, గరుకు అంచు తగిలిందంటే అది సిలికాన్ ట్యూబును లోపల గీకి, ఆ పొరలనే ఇంజన్‌కు పెడుతుంది. మన సైజు ఇంజన్‌కు లోపలి వ్యాసం ఇంచుమించు 2.4 మిల్లీమీటర్లుండే మీడియం ట్యూబు సరిపోతుంది. దానికి బిగుతుగా ఎక్కే ఫిల్టర్ చాలు. కంచు రవ్వలను అతికించినట్టుండే గట్టి ఫిల్టర్లు కూడా ఉన్నాయి. బాగా వడకడతాయి కానీ ఆముదం పట్టిందంటే వాటిని వదిలించడం నా వల్ల కాలేదు. ట్యాంకు లోపల ట్యూబు కొసన వేలాడే బరువుకే ఫిల్టర్ ఉన్న రకం పెట్రోల్ ఇంజన్లకు బాగుంటుంది. గ్లో ఇంజన్‌కు నేను పెట్టను. మూసుకుపోయిందో లేదో ట్యాంకు విప్పితే గానీ తెలియదు.

ఆముదం అంటే గుర్తొచ్చింది. కుర్రతనంలో డబ్బులు మిగిలించాలని మా అమ్మ ఇంట్లో వండిన ఆముదాన్నే మిథనాల్‌లో కలిపాను. వంటాముదం తలకూ కడుపుకూ మంచిదే, ఇంజన్‌కు కాదు. అందులో కాస్త నీరుంటుంది, అడుగున మడ్డి ఉంటుంది. మూడో ఫ్లైట్‌లో ఇంజన్ ఆగి, విమానం శెనక్కాయ చేలో ముక్కు దిగేసింది. చేను గలాయన పరిగెత్తుకొచ్చి, "ఏంది సామీ, గద్ద మాదిరి వచ్చి పడె!" అన్నాడు. కోప్పడకుండా చెంబుతో నీళ్లిచ్చాడు. ఇంటికొచ్చి ఫిల్టర్ విప్పితే జాలీ మీద గోధుమరంగు మడ్డి వెన్నలా పరుచుకుని ఉంది. అప్పటి నుంచి జిగురు తీసిన శుద్ధమైన ఆముదమే వాడతాను. మిథనాల్ 80 పాళ్లు, ఆముదం 20 పాళ్లు. బలం కోసం కొందరు కలిపే నైట్రోమిథేన్ లేకపోయినా హాయిగా ఎగురుతుంది.

శుభ్రం చేయడం ఇట్లా. తెల్ల పింగాణీ ప్లేటు ఒకటి, సూది లేని సిరంజి ఒకటి, చిన్న గిన్నెలో కాస్త మిథనాల్ తీసుకో. ప్లేటు, గిన్నె వంటింటివి వద్దు, మీ అమ్మతో నేను మాట పడలేను. ఫిల్టర్‌ను ప్లేటు మీదే విప్పు, రబ్బరు రింగు చిన్నది, జారిందంటే దొరకదు. ఇంధనం బయటికి పోయే వైపు నుంచి సిరంజితో మిథనాల్ కొట్టు, చెత్త వచ్చిన దారినే వెనక్కి ఊడొస్తుంది. ప్లేటులో ఏం పడిందో చూడు. ఎర్రగా ఉంటే క్యాన్ మట్టి. పారదర్శకంగా నూలుపోగుల్లా ఉంటే ట్యూబు పొరలు. నల్లగా జిడ్డుగా ఉంటే సైలెన్సర్ నుంచి ప్రెషర్ ట్యూబు గుండా ట్యాంకులోకి వచ్చిన మసి. జాలీని ఎండకు పట్టి చూడు, రంధ్రాలన్నీ ఒకేలా వెలగాలి. పిన్నుతో పొడవకు, బనియన్ గుడ్డతో తుడవకు. పిన్ను రంధ్రం పెద్దది చేస్తుంది, గుడ్డ పీచు వదులుతుంది.

రబ్బరు రింగు మీద ఒక చుక్క ఆముదం రాసి, రెండు వేళ్లతో బిగించు. పట్టకారు పట్టావంటే మర పోతుంది. తర్వాత ఒక కొస వేలితో మూసి, ఫిల్టర్‌ను గ్లాసు నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి సిరంజితో గాలి ఒత్తు. బుడగ వచ్చిందా, అక్కడ నుంచి ఇంజన్ గాలి పీలుస్తుంది. చాలామంది జాలీని అనుమానిస్తారు కానీ రింగును అనుమానించరు. నీ ఇంజన్‌ది ఇదే జబ్బు అయ్యుండొచ్చు, ట్యూబులో బుడగలు పరుగెత్తడం చూశావేమో గుర్తు తెచ్చుకో. పరీక్ష అయ్యాక నీటి చుక్క మిగలకుండా మిథనాల్‌తో ఒకసారి కడిగి ఆరబెట్టు.

నోటితో మాత్రం ఊదొద్దు, పీల్చొద్దు. మిథనాల్ విషం, కళ్లు పోతాయి. ఎండలో అంటుకుంటే మంట కూడా కనబడదు. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందని చోట పెట్టు.

నేను ప్రతి ఐదారు ఫ్లైట్లకు ఒకసారి విప్పుతాను. గాలి దుమారం రేగిన రోజైతే ఇంటికి రాగానే. సాయంత్రం ఆఖరి ఫ్లైట్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్‌లో మిగిలిన ఇంధనం అయిపోయి దానంతట అది ఆగేదాకా ఇంజన్‌ను తిరగనివ్వు. లేదంటే మిగిలిన ఆముదం ఫిల్టర్‌లోనే ఆరి బంకలా పట్టేస్తుంది. మళ్లీ నెల తర్వాత నువ్వు నీడిల్ తిప్పుతావు, నేను ఉత్తరం రాస్తాను. పెట్రోల్ ఇంజన్ కొంటానంటున్నావు కదా, దానికి సిలికాన్ ట్యూబు పనికిరాదు, పెట్రోల్‌కు ఉబ్బిపోతుంది. ట్యూబు, ఫిల్టర్ అన్నీ వేరే పెట్టుకో.

ఫిల్టర్ సరిచేశాక నీడిల్‌ను మునుపటి రెండు చుట్లకు తెచ్చి మొదలుపెట్టు. ఫుల్ థ్రాటిల్‌లో ఒకరు విమానం ముక్కు పైకెత్తి పట్టుకోవాలి, ప్రొపెల్లర్ తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు. అప్పుడు శబ్దం కొంచెం పెరిగి నిలబడితే ఎగరెయ్. పడిపోతే ఎగరెయ్యకు.

పై ఆదివారం కర్నూలు వస్తున్నా. మీ అత్త శెనక్కాయ పొడి పంపుతోంది, నేను రెండు కొత్త ఫిల్టర్లూ నాలుగు రబ్బరు రింగులూ తెస్తాను. నీ పాత ఫిల్టర్‌ను కడగకుండా అట్లే ఉంచు, అందులో ఏముందో నేనే చూడాలి.

మీ మామ