అల్లుడూ, అరిస్తే రాడ్లు వేడెక్కవు

గాజువాక

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టీమ్ లీడ్ అయ్యావనీ, కుర్రాళ్లు చెప్పిన మాట వినడం లేదని టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆటోనగర్‌లో వెల్డర్లకు ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు నేను చేసిన తప్పొకటి చెబుతాను, విను.

మా షెడ్డులో ఒక వెల్డర్ ఉండేవాడు. పనిమంతుడు. కాకపోతే 7018 రకం వెల్డింగ్ రాడ్లు, తేమ పట్టకుండా వేడిగా ఉంచే ఓవెన్‌లోంచి తీసి బెంచీ మీద పడేసేవాడు. వాటిని 4 గంటలకు మించి బయట ఉంచకూడదు. మన విశాఖ గాలికి ఉప్పు డబ్బాలోనే నీళ్లూరతాయి కదా, రాడ్డు పూత తేమ పీల్చదూ? జాయింట్‌లో చిల్లులు పడతాయి, ఒక్కోసారి చల్లారాక పగుళ్లిస్తుంది.

ఓ రోజు షిఫ్టు మారే వేళ, అందరి ముందూ "నీకు బుద్ధి ఎప్పుడొస్తుందిరా" అని అరిచాను. మర్నాడు బెంచీ ఖాళీ. పొంగిపోయాను. తీరా చూస్తే రాడ్లు గోనెసంచి కింద దాస్తున్నాడు!

అప్పుడు టీకొట్టు దగ్గరికి తీసుకెళ్లాను. "పొద్దున తీసిన రాడ్లు మధ్యాహ్నం దాకా బయటే ఉన్నాయి. రెండు జాయింట్లు గ్రైండ్ చేసి మళ్లీ పెట్టాల్సొచ్చింది. ఏమైంది?" అన్నానంతే.

"పక్కన చిన్న ఓవెన్ పెట్టుకుందామంటే ప్లగ్గేదండీ? ఉన్న ఒక్కటీ గ్రైండర్‌కి పోతోంది."

ఆ ప్లగ్గు రోజూ నా కళ్ల ముందే ఉండేది. సాయంత్రానికల్లా ఎక్స్‌టెన్షన్ బోర్డు తెప్పించాను.

మీ ఋషికొండ ఆఫీసులో రాడ్లుండవు గానీ, పదిమందినీ కాపీలో పెట్టి మెయిల్ కొట్టడమూ షెడ్డులో అరవడమూ ఒకటే. "నీది నిర్లక్ష్యం" అంటే ఏం మార్చుకోవాలో ఎవడికి తెలుస్తుంది? ఏ రోజు, ఏ పని, దానివల్ల ఎవరికి ఇబ్బంది, అదొక్కటే చెప్పు. వారం ఆగకు, ఆ రోజో మర్నాడో చెప్పెయ్. తర్వాత నోరు మూసుకుని విను, అదే కష్టం. ముందు పొగిడి, మధ్యలో తప్పు చెప్పి, మళ్లీ పొగడమని ట్రైనింగుల్లో చెబుతారట. నాకు నచ్చదు. రెండుసార్లయ్యాక పొగడ్త మొదలవగానే "కానీ" ఎప్పుడొస్తుందా అని చూస్తారు.

మూడో రోజు అతని దగ్గరికెళ్లి రాడ్డు ముట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. "ఇవాళ ఒక్క చిల్లు లేదోయ్" అన్నాను. ఏమీ మాట్లాడకుండా హెల్మెట్ దించుకున్నాడు. ఆ వారంలోనే పక్క కుర్రాడి రాడ్లు కూడా తీసి తన ఓవెన్‌లో పెట్టడం చూశాను.

ఆదివారం భోజనానికి రా. అత్తయ్య వంజరం తెప్పిస్తానంది.

మావయ్య