చేసింది చెప్పుకుంటే పుణ్యం పోతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది రాజమండ్రి. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడ్డాం. ఇంట్లో నేను, మావారు, ఆరో తరగతి చదివే బాబు, మా అత్తగారు ఉంటాం. అత్తగారిది కోనసీమలో ఒక లంక గ్రామం. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను.

పిల్లాడు ఫోన్ పట్టుకుని పక్కన ఎవరున్నారో కూడా చూడటం లేదని దిగులేసి, పోయిన జూన్‌లో ఇంట్లో ఒక అలవాటు మొదలుపెట్టాను. రాత్రి భోజనాల దగ్గర ఎవరికి వాళ్లు ఆ రోజు చేసిన ఒక మంచి పని చెప్పాలి. బాబు చెప్పిన ప్రతిదానికీ ఫ్రిజ్ మీది చార్టులో ఒక స్టార్ అతికిస్తాను. పది స్టార్లు వస్తే పిజ్జా. మొదట్లో బాగానే నడిచింది. మావారు మాత్రం "ఇవాళ ఏం లేదు" అని కంచంలోంచి తలెత్తరు. (మా పనిమనిషి కొడుకుకి జ్వరమొస్తే రాత్రిపూట బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లారట. నాలుగు నెలల తర్వాత ఆవిడ చెబితే నాకు తెలిసింది!) అత్తగారేమో "చేసింది చెప్పుకుంటే పుణ్యం పోతుందమ్మా" అని లేచి వెళ్లిపోతారు. ఆవిడ లోకం ఆవిడది. ఎండాకాలమంతా చెత్తబండి వాళ్లకు మజ్జిగ కలుపుతూ వంటింట్లో నా పనికి అడ్డం.

పోయిన నెల బాబు, స్కూల్లో కాలికి దెబ్బ తగిలిన అబ్బాయి బ్యాగు వారం రోజులు మోశానని చెప్పాడు. పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్‌తో గొప్పగా చెప్పాను. అలాంటిదేమీ జరగలేదని తేలింది. తల కొట్టేసినట్టయింది.

ఇంకొకటి. జూన్‌లోనే మా వాచ్‌మన్ కూతురికి స్కూల్ బ్యాగు, పుస్తకాలు కొనిచ్చాను. పాపతో ఫోటో దిగి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మిగతావాళ్లూ ముందుకొస్తారనే నా ఉద్దేశం. అప్పట్నుంచి వాళ్లమ్మ నాతో ముభావంగా ఉంటోంది. వాళ్లది పాలమూరు వైపు. ఏటా ఊరి నుంచి సీతాఫలాలు తెచ్చి ఇచ్చేది, నేను ఊరికే తీసుకోకుండా రెండొందలు చేతిలో పెట్టేదాన్ని. ఈసారి మా ఫ్లోర్‌లో అందరికీ ఇచ్చి మాకు ఇవ్వలేదు. "డబ్బా కొట్టుకుంటే ఇలాగే ఉంటుంది" అన్నారు మావారు. మంచి చేయడం తప్పా, చెప్పుకోవడం తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, చేయడం తప్పు కాదు. చెప్పడమూ తప్పు కాదు. ఎవరి కథ ఎవరు చెబుతున్నారన్న దగ్గరే మీ ఇంట్లో తిరకాసు పడింది.

ముందు ఆ ఫోటో సంగతి చూద్దాం. పిల్లాడి అబద్ధం రెండు వారాల్లో సర్దుకుంటుంది కానీ ఇది ఆరు నెలలుగా నలుగుతోంది.

మీ ఉద్దేశం మంచిదేనని నమ్ముతున్నాను. అయితే ఆ పిల్ల వైపు నుంచి చూడండి. అదే అపార్ట్‌మెంట్‌లో తన ఈడు పిల్లలుంటారు, సాయంత్రం కింద కలిసి ఆడుకుంటారు. వాళ్ల అమ్మల ఫోన్లలో ఆ ఫోటో ఉంది. కొత్త బ్యాగు భుజాన వేసుకుని గేటు దాటిన ప్రతిసారీ అది ఎవరు కొనిచ్చిందో అందరికీ తెలుసని ఆ పిల్లకు తెలుసు. ఆ తల్లికి అంతకన్నా ఎక్కువ తెలుసు. ఆవిడ చీపురు పట్టుకుని మెట్లు ఊడుస్తుంటే దిగేవాళ్లలో కనీసం ఒకరైనా "మీ పాపకి ఫలానా ఆవిడ పుస్తకాలు కొనిచ్చారటగా" అని ఉంటారు. అనరని మీరు అనగలరా? బ్యాగు ఖరీదు ఎంతైనా కానీ, ఆ మాటకు ఆవిడ ఇచ్చుకున్న ఖరీదు ఎక్కువ.

అందుకని వాళ్ల గదికి మీరే వెళ్లండి, పైకి పిలిపించుకోకండి. వాచ్‌మన్ లేనప్పుడు, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లండి. "పాప ఫోటో నిన్ను అడక్కుండా గ్రూపులో పెట్టాను. తప్పు నాది." అంతవరకే. "మంచి ఉద్దేశంతోనే పెట్టాను" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది, మింగేయండి. "మనసులో పెట్టుకోకు" అని కూడా అనకండి. పెట్టుకోవాలో వద్దో ఆవిడ ఇష్టం. గ్రూపులోంచి ఫోటో తీయించే వీలుంటే ముందే తీయించి వెళ్లండి. చేతిలో స్వీట్లు, చీర లాంటివేవీ ఉండకూడదు. ఉంటే అది ఇంకో ఫోటో కిందే లెక్క. ఆవిడ "అయ్యో, ఏం లేదమ్మా" అనేసి మళ్లీ ముభావంగానే ఉండొచ్చు. ఉండనివ్వండి.

మిగతావాళ్లు కలిసి రావాలంటే వచ్చే జూన్‌లో గ్రూపులో ఒక్క వాక్యం చాలు: "మన దగ్గర పనిచేసేవాళ్ల పిల్లల పుస్తకాలకు తలా కొంత వేసుకుందామా?" ఏ పిల్ల, ఎవరి పిల్ల అన్నది అక్కర్లేదు.

ఇక ఆ రెండొందలు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. పండ్లు ఊరికే తీసుకోకూడదన్నది మీ మర్యాద. కానీ ఆవిడ తెచ్చింది అమ్మకానికి కాదు కదా. ఊరి నుంచి బస్సులో, పండు నలిగిపోకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చి మీకు ఇచ్చింది. మీరు డబ్బులు పెట్టగానే అది బేరం అయిపోయింది. ఏళ్ల తరబడి ఆవిడ ఇచ్చినదాన్ని మీరు కొనుక్కుంటూ వచ్చారు, మీరు ఇచ్చినదాన్ని మాత్రం ఆవిడ పుచ్చుకోవాల్సి వచ్చింది, అది కూడా ఫోటోతో. ఇలా అన్నందుకు నొచ్చుకోకండి. చదువుకున్న ఇళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. మనకు ఇవ్వడం వచ్చు, పుచ్చుకోవడం రాదు.

బాబు విషయానికి వద్దాం. వాడు దొంగ కాలేదు, ఆటలో నెగ్గాలనుకున్నాడు. మీరు పెట్టిన ఆటలో పాయింటు వచ్చేది పని చేసినందుకు కాదు, కథ చెప్పినందుకు. పదకొండేళ్ల బుర్రకు ఆ దారి దొరక్కుండా ఉంటుందా? 2008లో జర్మనీలో ఇద్దరు పరిశోధకులు ఇరవై నెలల పసివాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. కింద పడ్డ వస్తువు అందించినప్పుడు కొంతమంది పిల్లలకు ఒక బహుమతి ఇచ్చారు, కొంతమందిని మెచ్చుకున్నారు, మిగతావాళ్లకు ఏమీ లేదు. తర్వాత బహుమతులు ఆపేసి చూస్తే, బహుమతి అందుకున్న పిల్లలే సాయానికి రావడం తగ్గించారు. ఏమీ పుచ్చుకోనివాళ్లు మామూలుగానే చేతికందించారు. ఇంకా మాటలు కూడా పూర్తిగా రాని వయసది. మీవాడికి ఆరో తరగతి, ఎదురుగా పిజ్జా!

చార్టు ఈ రాత్రికే తీసేయండి. వాడి ముందు చింపకండి, శిక్షలా ఉంటుంది. పిజ్జా ఏదో ఒక ఆదివారం ఊరికే తినండి. అబద్ధం ఎందుకు ఆడావని నిలదీస్తే ఇంకో అబద్ధం పుడుతుంది. వాడు పడుకునే ముందు పక్కన కూర్చుని, "స్టార్లు పెట్టి నేనే నిన్ను ఇరకాటంలో పడేశాను. రోజూ ఏదో ఒకటి చెప్పాలంటే ఎవరికైనా కష్టమే. ఇక అవి లేవు" అనండి. వాడు ఏడవచ్చు, దుప్పటి ముసుగు పెట్టుకోవచ్చు. టీచర్ దగ్గర మీకు పోయిన పరువు సంగతి మాత్రం ఎత్తకండి, అది మీ లెక్క.

భోజనాల దగ్గర కబుర్లు మానేయమని నేను అనను. ప్రశ్న ఒక్కటి తిప్పండి. "ఇవాళ నువ్వు ఏం మంచి చేశావు?" అనడం మానేసి, "ఇవాళ నీకు ఎవరు ఏం చేసిపెట్టారు?" అని అడగండి. అప్పుడు చెప్పేవాడు గొప్పవాడు కానక్కర్లేదు, డబ్బా అనే మాటే రాదు. పెన్ను మర్చిపోతే ఇచ్చిన పక్క బెంచీ కుర్రాడు, బస్సు కదిలాక కూడా ఆపిన డ్రైవరు, చిల్లర లేకపోతే "రేపు ఇవ్వండమ్మా" అన్న కూరగాయల బండి ఆయన, ఇలాంటివాళ్లు రోజుకొకరు దొరుకుతారు. కల్పించాల్సిన అవసరం ఉండదు. ఒకవేళ దొరక్కపోతే ఆ రోజు పప్పు గురించి మాట్లాడుకోండి.

ఈ తిప్పడం నేను మాటల గారడీ కోసం చెప్పడం లేదు. 2022లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. షికాగోలో చలికాలం, ఒక పార్కులో మంచు మీద జారే ఆట ఆడటానికి వచ్చినవాళ్లకు ఒక కప్పు వేడి చాక్లెట్ ఇచ్చి, మీరు ఉంచుకుంటారా, ముక్కూ మొహం తెలియని ఎవరికైనా ఇస్తారా అని అడిగారు. ఇచ్చేసినవాళ్లను, "దీంతో అవతలివాళ్లకు ఎంత సంతోషం కలుగుతుంది?" అంటే వాళ్లు వేసిన అంచనా అసలు సంతోషం కన్నా తక్కువే. ఇచ్చేవాళ్లు కప్పు వంక చూస్తారు, పుచ్చుకునేవాళ్లు ఎవరో తమను తలుచుకున్నారన్న సంగతి చూస్తారు. కథ పెద్దదిగా ఉండేది పుచ్చుకున్నవాళ్ల దగ్గరే. అందుకే చెప్పాల్సింది కూడా వాళ్లే.

నా సంగతే ఒకటి. మా నాన్న పోయారని కబురందిన రాత్రి హైదరాబాద్ నుంచి బస్సెక్కాను. కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే పక్క సీటావిడ ఏమైందని అడగలేదు, పేరు అడగలేదు. తన శాలువా తీసి నా మీద కప్పి, తను కొంగు కప్పుకుని కూర్చుంది. సూర్యాపేటలో దిగిపోయింది. శాలువా నా దగ్గరే ఉండిపోయింది. ఇరవై ఏళ్లు దాటింది, ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆవిడ ఎవరికైనా చెప్పి ఉంటుందా? దిగాక శాలువా ఎక్కడ మర్చిపోయానా అని తిట్టుకుని ఉంటుంది, అంతే.

మీ అత్తగారి మాటకు ఇప్పుడు అర్థం దొరుకుతుంది. ఆవిడ కోనసీమ మనిషి. అక్కడి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టేవారని మీ అత్తగారికి ఉగ్గుపాలతో తెలిసి ఉంటుంది. సీతమ్మగారు తన గురించి ప్రచారం చేసుకోలేదు. తిన్నవాళ్లు చెప్పారు, వాళ్ల పిల్లలు చెప్పారు, అలా ఆ పేరు గోదావరి దాటింది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. మీ అత్తగారు "చెప్పుకుంటే పోతుంది" అన్నది మిమ్మల్ని ఎత్తిపొడవడానికి కాకపోవచ్చు. ఆవిడ పెరిగిన చోట చెప్పడం తిన్నవాళ్ల వంతు.

మజ్జిగ మాట మీరు పనికి అడ్డంగా రాశారు. ఎండాకాలమంతా అన్నారు. అంటే ఎన్ని గ్లాసులో చూడండి. మీ బాబు చూడాల్సింది చార్టు మీద కాదు, ఇంట్లోనే ఉంది కదమ్మా. వచ్చే వేసవిలో ఆ గ్లాసులు వాడి చేత అందించమనండి, స్టార్ లేకుండా. ఆవిడను భోజనాల దగ్గర కూర్చోబెట్టే ఉపాయం కూడా ఒకటుంది. 1986 ఆగస్టులో గోదావరి వరద వచ్చినప్పుడు మీరు ఎక్కడున్నారు, ఎవరి డాబా మీద తలదాచుకున్నారు, పొయ్యి ఎవరు వెలిగించారు అని అడగండి. లంక ఊళ్లో పుట్టిన మనిషి దగ్గర ఆ కథ లేకుండా ఉండదు. అందులో ఆవిడ పుణ్యం ఏమీ ఖర్చు కాదు కనుక మొహమాటం లేకుండా చెబుతారు. మీవాడు ఫోన్ పక్కన పెట్టి వింటాడో లేదో చూసి నాకు రాయండి.

మీవారి గురించి ఎక్కువ చెప్పను. డబ్బా అన్న మాట నొప్పించేదే, అది నొప్పించిందని ఆయనకు చెప్పండి. అయితే పనిమనిషి కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్లిన సంగతి మీరు చివర ఆశ్చర్యార్థకం పెట్టి రాశారు, మీకు చెప్పలేదన్న ఉక్రోషంతో. దాన్ని ఒకసారి ఆయన ముందే, బాబు వింటుండగా, పనిమనిషి చెప్పినట్టే చెప్పి చూడండి. ఆయన "అదేముందిలే" అని చారు పోసుకుంటారు. అయినా వింటారు.

చివరగా మీ మాట. రోజంతా లాప్‌టాప్ ముందు, ఆ తర్వాత వంటింట్లో. "బాగా చేశావు" అనేవాళ్లు లేని రోజులు మీవి. ఆ స్టార్లు బాబు కోసమే పెట్టారా అని నాకు చిన్న అనుమానం. తప్పేం లేదు, మెచ్చుకోలు అందరికీ కావాలి. జపాన్‌లో 2006లో కొందరు ఆడవాళ్లను, వారం పాటు తాము చేసిన మంచి పనులను ఊరికే లెక్కపెట్టుకోమన్నారు. ఆ తర్వాత చూస్తే వాళ్ల సంతోషం పెరిగింది. బీరువాలో చీరల కింద ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. అందులో ఎంతైనా డబ్బా కొట్టుకోవచ్చు, మీ అత్తగారి పుణ్యం లెక్కలకు కూడా ఇబ్బంది రాదు.

సంక్రాంతికి వాచ్‌మన్ వాళ్లు ఊరెళ్లి వస్తారు. ఈసారి తేకపోవచ్చు. సీతాఫలాల కాలం దాకా ఆగాల్సి రావచ్చు. ఎప్పుడు తెచ్చినా రెండు చేతులా పుచ్చుకోండి, పర్సు లోపలే ఉంచండి. ఆ రాత్రి భోజనాల దగ్గర మొదటి కబురు మీరే చెప్పండి.