తలుపులు మూసి ఉన్న పదిహేను రోజులు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా జీడితోట మొత్తం నేలకొరిగింది. అప్పు చేసి మళ్లీ నాటిన మొక్కలు కాపుకు వచ్చి కాస్త ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో, నాలుగు నెలల కిందట మావారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. రోజూ దీపం పెడుతున్నాను, పారాయణ చేస్తున్నాను, అయినా మనసు నిలవడం లేదు. అర్ధరాత్రి మెలకువ వస్తే అసలు దేవుడున్నాడా అనిపిస్తోంది, అలా అనుకున్నందుకు వెంటనే భయం వేస్తోంది. నా భక్తిలోనే లోపం ఉందని, ఇరవై వేలు ఖర్చుపెట్టి హోమం చేయించమని బంధువులు అంటున్నారు. నాకు శాంతి ఎలా దొరుకుతుంది?
– ఒక సోదరి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఆ అర్ధరాత్రి భయం సంగతి చెప్పుకుందాం. గజేంద్రమోక్షం మీకు తెలిసే ఉంటుంది. మొసలి నోట చిక్కి, పోరాడి పోరాడి అలసిపోయిన ఏనుగు చేత పోతన 'కలడు కలండనెడువాడు కలడో లేడో' అనిపించాడు. అందరూ ఉన్నాడంటున్న ఆయన ఉన్నాడో లేడో అని అడిగిన ఆ నోటితోనే, కాసేపటికి ఆ ఏనుగు 'నీవే తప్ప ఇతఃపరం బెరుగ' అని మొరపెట్టుకుంది. అంతటి సందేహం వెలిబుచ్చిన భక్తుడి కోసమే శ్రీహరి లక్ష్మీదేవికైనా చెప్పకుండా, శంఖచక్రాలైనా అందుకోకుండా పరుగున వచ్చాడు. కనుక మీ సందేహాన్ని పాపంగా ఎంచకండి, అదీ ఆయనకు విన్నవించుకోదగిన మాటే.

ఒడిశాలో ఉంటున్న మీకు జగన్నాథుని అనసర గురించి నేను చెప్పనక్కరలేదు. జ్యేష్ఠ పౌర్ణమినాడు నూట ఎనిమిది కుండల నీటితో స్నానం చేసిన స్వామికి జ్వరం వస్తుంది, పదిహేను రోజులు దర్శనం ఉండదు. బయట నిలబడిన భక్తుడికి కనిపించేది మూసిన తలుపే గాని, లోపల దైతాపతులనే సేవకులు ఆయనకు తైలం పట్టిస్తూ, మూలికల మందు అందిస్తూ రాత్రింబవళ్లు సేవ చేస్తూనే ఉంటారు. దేవుడే మంచం పడతాడని, ఆయనకూ మందు కావాలని ఒప్పుకొన్న ఈ నేలమీద, మీ వారి జబ్బు మీ భక్తిలోపం వల్ల వచ్చిందని అనడం ఎంత అన్యాయమో మీ బంధువులు ఒక్కసారి ఆలోచించాలి. ఆ మాట అన్నవారి మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

అప్పు చేసి హోమం చేయించకండి. పక్షవాతం తరువాత మొదటి కొన్ని నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా జరుగుతుంది కాబట్టి, ఆ డబ్బు ఉంటే ఫిజియోథెరపీకి, మాట సాధన చేయించేవారికి, రక్తపోటు మందులకు వాడండి. డాక్టరు చెప్పనిదే ఏ మాత్రా ఆపకండి. మీకు కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ సేవ, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. అలా అడగడం దేవుణ్ణి నమ్మకపోవడం కిందికి రాదు.

నమ్మకమంటే ఏమిటో తోట పెంచిన మీకు నాకంటే బాగా తెలుసు. జీడిమొక్క నాటితే మూడు నాలుగేళ్లకు గాని కాపు మొదలు కాదు. గొయ్యి తీయడం, నీరు పోయడం, కంచె కట్టడం మీ పని, అక్టోబరులో సముద్రం మీద నుంచి వచ్చే గాలి మీ చేతిలో లేదు. తిత్లీ తరువాత ఆ గాలి మళ్లీ వస్తుందని తెలిసి కూడా మీరు మొక్కలు నాటారు. ఇప్పుడు మీకు కావలసింది ఆ మనసే, అది మీ దగ్గర ముందునుంచీ ఉంది.

పారాయణ పూర్తికాని రోజు ఉంటే దిగులు పడకండి. రాత్రి ఆయన కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా చాపించి, ముడిపించే సమయంలో ఒక్కొక్క వేలికి ఒక్కొక్క దైవనామం మీరు చెప్పి, ఆయన చేత కూడా పలికించండి. మాట ముద్దగా వచ్చినా పరవాలేదు, తొందరపెట్టకుండా ఆయన ముగించేదాకా ఆగి, తరువాతి వేలు పట్టుకోండి.