గొల్లభామకి బయట పురుగులు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా పాప కరివేపాకు చెట్టు మీద దొరికిన గొల్లభామని ప్లాస్టిక్ డబ్బాలో పెంచుతోంది, ఇంకా రెక్కలు పూర్తిగా రాలేదు. పక్కనున్న మిర్చి చేలో పచ్చ మిడతలు పట్టుకొచ్చి వేస్తున్నాం, మొన్నటిదాకా బాగానే తినేది, రెండ్రోజుల్నుంచి మిడత ముందుకొచ్చినా ముట్టుకోవట్లేదు. బయటి పురుగులు పడలేదంటారా? చికెన్ ముక్క పెట్టి చూడనా?

జవాబు: కంగారు పడకండమ్మా. అది పైన మూతకి తలకిందులుగా వేలాడుతూ కదలకుండా ఉంటే కుబుసం విడవబోతున్నట్టే, వీపు మీద రెక్క మొగ్గలు ఉబ్బితే ఇక అనుమానమే లేదు. ముందు డబ్బాలో మిడత తీసేయండి, కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఏదన్నా తగిలి కిందపడితే కాళ్ళు వంకరపోతాయి, అదే కీచురాయి అయితే కొరికేస్తుంది కూడా. కొత్త ఒళ్ళు గట్టిపడ్డానికి ఓ రోజు టైమిచ్చి అప్పుడు తిండి వేయండి.

అలా వేలాడకుండా ముందుకాళ్ళు వణుకుతూ, నల్లటి నీళ్ళు కక్కుతూ, పట్టు జారిపోతుంటే మాత్రం పురుగుమందు ప్రభావం అయ్యుండొచ్చు. అసలు మీరు మిర్చి చేలో పట్టడం నాకు నచ్చలేదు, 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పట్నుంచి అక్కడ ఎంత స్ప్రే చేస్తున్నారో మీకే బాగా తెలుసు. మిడత గెంతుతోంది కదా మందు తగల్లేదులే అనుకుంటాం, చావడానికి సరిపోని డోసు దాని ఒంట్లో ఉండొచ్చు, అలాంటివి వరసగా నాలుగు తింటే గొల్లభామ గతేంటి?

బయటి పురుగులు మొత్తం మానేయమని కాదు. తొలకరి వానకి లేచే ఉసిళ్ళు, రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర వాలే చిన్న రెక్కల పురుగులు బ్రహ్మాండంగా తింటుంది, కాకపోతే ఇంట్లో బొద్దింకల స్ప్రే కొట్టినవాళ్ళు వాటిని కూడా పెట్టకూడదు. పురుగు సైజు దాని పొట్టకంటే పెద్దది కాకుండా చూసుకోండి. జిల్లేడు మీదుండే పసుపు నీలం చారల మిడత, జిల్లేడాకు తిని పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక, మిణుగురులు వద్దు, వాటి ఒంట్లోనే విషం. చీమలు, కందిరీగలు అసలే వద్దు, తిరగబడి కుడతాయి. చెరువు గట్టున పట్టినవైతే గుర్రపువెంట్రుకలాంటి పొడుగాటి పురుగు గొల్లభామ పొట్టలో పెరిగే రిస్కు ఉంది.

చికెన్ అంటారా, కదలనిదాన్ని అది తిండిగా చూడదు, పైగా కుళ్ళి వాసనొస్తుంది. దానిబదులు సీసాలో పండిన అరటితొక్క వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టకుండా రెండ్రోజులుంచండి, చిన్న ఈగలు వాటంతటవే చేరతాయి, అప్పుడు కట్టేయండి. మీ గొల్లభామకి అవి మరీ చిన్నవి అనిపిస్తే వాటితో ఇంకాస్త పెద్ద ఈగల్ని కలిపి వేయండి.